జిల్లా వచ్చింది, ఆఫీసుకు చోటేదీ?

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలు 26 అయ్యాయి. గోదావరి డెల్టాలో అమలాపురం, భీమవరం కొత్త జిల్లా కేంద్రాలయ్యాయి. కాకినాడకూ ఏలూరుకూ పాత కలెక్టరేట్లు ఎలాగూ ఉన్నాయి. అమలాపురం, భీమవరాల్లో మాత్రం కలెక్టరు మొదలు ఒక్కో శాఖకూ గదులు వెతుక్కోవాల్సి వచ్చింది. అద్దె భవనమా, ఖాళీగా ఉన్న సర్కారు భవనమా, కొత్త స్థలమా?

మా వైపు ఈ వెతుకులాట పాతదే. 1859లో గోదావరి జిల్లా ఏర్పడ్డాక కలెక్టరు కాకినాడలో, జిల్లా కోర్టు రాజమండ్రిలో ఉండేవి. పొలం తగువున్న కోనసీమ రైతు రెండూళ్లూ తిరగాలి. యానాం, ఎదుర్లంక మధ్య వారధి పడేదాకా కాకినాడ వెళ్లాలంటే గోదావరి దాటించే పంటు ఎక్కాలి, లేదా రావులపాలెం మీదుగా చుట్టు తిరగాలి. అమలాపురానికి కలెక్టరేటు రావాలని జనం అంతగా కోరుకున్నారంటే అందులో ఈ తిరుగుడు అలసట ఉంది.

ఊళ్లో సంగతి వేరు. 1984 వరకూ రెవెన్యూ ఆఫీసంటే ఊరి భూమి లెక్కలు రాసే కరణంగారి అరుగే. ఏ పొలంలో ఏ పంటుందో చెప్పే అడంగల్ అక్కడే రాసేవారు, దస్త్రాలు గుడ్డలో మూటకట్టి ఇంట్లోనే దాచేవారు. ఆ ఏడాది వంశపారంపర్య పదవులు రద్దయ్యాయి. మూటలు బయటికొచ్చాయి గాని వాటికి గది లేదు. మరుసటి ఏడాదే తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. ఖజానా, సబ్‌జైలు పక్కపక్కనే ఉండే పాత తాలూకా కచేరీ ఒక్క మండలానికి దక్కింది. మిగతావాటిలో చాలావాటికి అద్దె ఇళ్లే దిక్కయ్యాయి. 2019 అక్టోబరు 2న కరపలో మొదలైన గ్రామ సచివాలయాలదీ ఇదే వరస: ముందు ఉద్యోగులొచ్చారు, చాలా ఊళ్లలో సొంత భవనాలు తర్వాతి మాట.

సొంత స్థలం చూద్దామంటే డెల్టాలో అది తేలిక కాదు. మెరక భూమిలో కొబ్బరితోటో ఇళ్లో ఉంటాయి. చవగ్గా దొరికేది పల్లం. దాన్ని మట్టి తోలి లేపాలి, ఆ ఖర్చు అంచనాల్లో చాలాసార్లు చివర్లో గాని కనపడదు. 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు 6 తుపాను చూసినవాళ్లు నేలమట్టపు గదిలో బీరువా పెట్టమంటే ఒప్పుకోరు.

అలాగని మేడ మీద ఆఫీసు పెడితే? అలాంటి అద్దె ఆఫీసొకటి చూశాను. బయటి నుంచి ఇరుకు మెట్లు, ఒక పక్కే పట్టుకోవడానికి పైపు. మూడో మెట్టు మీద ఒక ముసలమ్మ పాసుపుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. గుమాస్తా వేలిముద్ర మిషను పట్టుకుని కిందికి దిగొచ్చి, "వేలు తుడుచుకో మామ్మా" అన్నాడు. మంచివాడు, రోజుకి ఎన్నిసార్లు దిగగలడు?

నా మటుకు నేను అద్దె లెక్కకంటే ముందు మూడు చూడమంటాను. పాత వరద మట్టం ఎంతవరకు వచ్చింది? బస్సు దిగి ఎంత దూరం నడవాలి? రికార్డు గది మేడ మీదుంచి, జనం వచ్చే గది కింద పెట్టే వీలుందా? భూమి సర్వే, వ్యవసాయం, ఇరిగేషన్ ఒకే ఆవరణలో ఉండాలి. కాలవ గట్టు తగువుతో వచ్చే రైతు ఆఫీసు నుంచి ఆఫీసుకు తిరక్కూడదు.