జైలుకెళ్లాడంటే శిక్ష పడినట్టేనా?

మా కావలి పక్కన పొలం గట్టు తగాదాలో ఒక కుర్రాణ్ణి పోలీసులు తీసుకెళ్లారు, కోర్టు 14 రోజులు రిమాండ్ వేసింది. సాయంత్రానికి టీకొట్టు దగ్గర 'వాడికి 14 రోజులు శిక్ష పడిందంట' అని తేల్చేశారు. శిక్ష కాదయ్యా, విచారణే మొదలవలేదు అంటే ఎవరూ వినరు. వాళ్లను తప్పు పట్టి లాభం లేదు, జైలు అనే మాటకి శిక్ష అనే మాట అట్లా అతుక్కుపోయింది మరి.

వెనకటి మాటల్లో ఈ అతుకు లేదు. చెర అంటే పట్టి ఉంచడం, అంతే. సీతమ్మ రావణుడి చెరలో ఉందంటే తప్పు ఎవరిదో చిన్నపిల్లలకీ తెలుసు. దేవకీ వసుదేవులు ఏ నేరం చేసి కారాగారంలో ఉన్నారు? (పేపర్లవాళ్లు జైలుని వెటకారంగా శ్రీకృష్ణ జన్మస్థానం అంటారు, ఆ కథలో లోపలున్నవాళ్లే నిర్దోషులన్న సంగతి మర్చిపోయి.) రామదాసుని గోల్కొండ బందీఖానాలో పెట్టింది కూడా సర్కారు సొమ్ము గుడికి ఖర్చుపెట్టాడనే కదా, సొమ్ము ముట్టింది, వదిలేశారు, ఇన్నేళ్లని ముందే రాసిపెట్టిన లెక్కేం లేదు. మన పల్లెల్లో బందెలదొడ్డి ఉండేది చూడండి, చేలో పడ్డ గొడ్డుని తోలి కట్టేస్తారు, రుసుం కడితే విడిచిపెడతారు, దానికి 1871లో చట్టం కూడా చేశారు. గొడ్డుకి ఎవరూ శిక్ష వేయరు. పూచీగా ఉంచుకుంటారు.

ఏళ్లు కొలిచి జైల్లో పెట్టడమే పెద్ద శిక్షగా మన దగ్గర స్థిరపడింది ఇంగ్లీషువాళ్ల శిక్షాస్మృతితో. 1860లో చేశారు, 1862 నుంచి 2024 దాకా అమలైంది. సాధారణ, కఠిన అని రెండు రకాలు పెట్టారు. కఠిన అంటే చీకటి కొట్టు అనుకుంటారు చాలామంది, దాని అర్థం పని చేయించడం, ఒంటరి కొట్టు వేరే సంగతి. ఇంకొకటి ద్వీపాంతరవాసం, అంటే అండమాన్. 1955లో చట్టం మార్చి దాని స్థానంలో యావజ్జీవ ఖైదు పెట్టారు. యావజ్జీవం అంటే 14 ఏళ్లు, పైగా పగలొక రోజు రాత్రొక రోజు లెక్క కాబట్టి ఏడేళ్లే అని మా మేనమామ ఇప్పటికీ పందెం కాస్తాడు. రెండూ తప్పే. గాంధీ హత్య కేసులో యావజ్జీవం పడ్డ గోపాల్ గాడ్సే కేసులో సుప్రీంకోర్టు 1961లోనే చెప్పింది, యావజ్జీవం అంటే బతికున్నన్నాళ్లూ అని, ప్రభుత్వం తగ్గిస్తే తప్ప. ఆ 14 ఎక్కడిదంటే, ఉరి కూడా పడదగ్గ నేరాల్లో యావజ్జీవం పడ్డవాళ్లని 14 ఏళ్లు నిండకుండా వదలకూడదని 1978లో ఒక నియమం తెచ్చారు. అది కనీసం, జనం నోట్లో పడి గరిష్ఠమైంది.

అసలు మా ఊరు చూసిన చెర వేరే ఉంది, దానికి జైలు అనే పేరే లేదు. ఎరుకలవాళ్లు సముద్రం ఒడ్డు నుంచి ఉప్పు ఎత్తుకుని ఊరూరా తిరిగి ధాన్యానికి మార్చేవాళ్లు. ఉప్పు మీద సర్కారు పెత్తనం, రైళ్లు వచ్చాక ఆ బేరం దెబ్బతింది. తిరిగేవాళ్లంటే సర్కారుకి ముందే అనుమానం, నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. కావలిలో, కప్పరాళ్లతిప్పలో అమెరికా బాప్టిస్టు మిషన్ చేతికి సెటిల్మెంట్లు, అంటే వాళ్లని నిఘాలో ఉంచే కాలనీలు, అప్పజెప్పారు. హాజరు వేయించుకోవాలి, బయటికెళ్లాలంటే పాస్ కావాలి. కోర్టు లేదు, తీర్పు లేదు, ఫలానా కులంలో పుట్టడమే కారణం. కేంద్రం ఆ చట్టాన్ని ఎత్తేసింది 1952లో. ఇప్పుడు సెటిల్మెంట్ అంటే మనకి పంచాయితీ బేరం గుర్తొస్తుంది గానీ, ఆ రోజుల్లో ఆ మాట అర్థం చెరే.

తీర్పు లేకుండా లోపల ఉంచడం పెద్దవాళ్లకీ తప్పలేదు. వినోదరాయునిపాలెంలో పుట్టిన టంగుటూరి ప్రకాశం గారిని 1942 ఆగస్టులో క్విట్ ఇండియా అప్పుడు పట్టుకెళ్లి 1945లో వదిలారు. ఆ మూడేళ్లూ ఆయన శిక్ష పడ్డ ఖైదీ కాదు, డిటెన్యూ, అంటే తీర్పు లేకుండా నిర్బంధంలో ఉంచిన మనిషి. స్వతంత్రం వచ్చాక ఈ పద్ధతి పోతుందనుకుంటే, రాజ్యాంగం 22వ అధికరణంలో ముందస్తు నిర్బంధంగా మళ్లీ చోటు దొరికింది. మన రాష్ట్రంలో 1986 నాటి పీడీ యాక్ట్ (ముందస్తు నిర్బంధ చట్టం) కింద ఏడాది దాకా ఉంచొచ్చు.

రిమాండ్ శిక్షకీ ఈ నిర్బంధానికీ మధ్యలో ఉంటుంది. కేసుంది, తీర్పు లేదు. 2022 చివరి జాతీయ లెక్కల ప్రకారం దేశంలో జైళ్లలో ఉన్న ప్రతి నలుగురిలో ముగ్గురు ఇట్లాంటివాళ్లే. నెల్లూరు దగ్గర చెముడుగుంట సెంట్రల్ జైలు ముందు ములాఖత్ కోసం నిలబడే ఇంటివాళ్లని చూస్తే, ఎవరి మనిషికి శిక్ష పడిందో ఎవరిది రిమాండో చెప్పలేం. సంచుల్లో అవే అరటిపళ్లు.

మా కుర్రాడు బెయిల్ మీద వచ్చి నెలైంది. ఛార్జిషీటు ఇంకా వేయలేదు. టీకొట్టు దగ్గర మాత్రం 'శిక్ష అయిపోయి వచ్చాడంట' అంటున్నారు.