సంతలో రసాయన శాస్త్రం: ఒడిశాలోని గుణుపురం పిల్లలకు ఉత్తరం

గుణుపురం

చిరంజీవులైన పిల్లలకు,

ఆశీస్సులు. సంతరోజున జనం చేత రసాయన ప్రయోగాలు చేయిద్దామని మీరు పంపిన జాబితా అందింది. ఉత్సాహం బాగుంది. జాబితాలో సగం మాత్రం కొట్టేశాను. అలగకుండా, ఎందుకో చదవండి.

మొదట కొట్టేసింది నారింజ రంగు పొడితో చేసే అగ్నిపర్వతం. అది అమ్మోనియం డైక్రోమేట్. సైన్స్ ఫెయిర్లలో దానికి చప్పట్లు కొట్టని వాళ్ళు లేరు. అయితే అందులో ఉన్న క్రోమియం కేన్సర్ తెచ్చే రకం. నిప్పురవ్వలతో పాటు కొంత గాల్లోకి లేస్తుంది. సంతకి చంకలో పిల్లల్నేసుకుని తల్లులొస్తారు. రెండోది, స్పిరిట్ పోసి రంగురంగుల మంటలు పుట్టించడం. ఇదే ప్రయోగాన్ని మిథనాల్‌తో చేస్తూ అమెరికాలో బడిపిల్లలు కాలిపోతుంటే, అక్కడి కెమికల్ సేఫ్టీ బోర్డు 2014లో ప్రత్యేకంగా హెచ్చరిక జారీ చేసింది. పర్మాంగనేట్ మీద గ్లిజరిన్ పోసి మంట రప్పించడం కూడా వద్దు.

ప్రమాదం ఒక్కటే కాదు నా అభ్యంతరం. వీటన్నిటిలో చేసేది మీరు, చూసేది జనం. మంట లేస్తుంది, ఈలలు పడతాయి, ఆ పక్క కొట్టు దగ్గర ఎండుచేపల బేరం మళ్ళీ మొదలవుతుంది. లండన్‌లో మైకేల్ ఫారడే 1825లోనే పిల్లల కోసం క్రిస్మస్ ఉపన్యాసాలు మొదలుపెట్టించాడు. మైనపువత్తి ఒక్కటి వెలిగించి ఎన్నో సంగతులు చెప్పిన మనిషి. మామూలు వస్తువు చాలన్న తెలివి ఆయన దగ్గర తీసుకోండి. చేయి మాత్రం జనానిది కావాలి. చుక్కలు వేసే ఫిల్లర్ వాళ్ళకి ఇచ్చేశాక మీ చేతులు వెనక్కి కట్టుకోండి. వాళ్ళు అడిగేదాకా నోరు కూడా కట్టేసుకుంటే మరీ మంచిది, మీలో కొందరికి అదే కష్టం.

మూడు బల్లలు చాలు. ఒక్కో బల్ల మీద ఒక్కటే ప్రశ్న.

మొదటి బల్ల పసుపుది. ప్రశ్న: "బట్టల సబ్బుతో చేతులెందుకు పగులుతాయి?" ఇది మన ఆడవాళ్ళ ప్రశ్న, పుస్తకంలోది కాదు. చెంచాడు పసుపుని పావు గ్లాసు సర్జికల్ స్పిరిట్‌లో కలిపి, గుడ్డలో వడకట్టి, అందులో కాగితం ముంచండి. పసుపుకి రంగునిచ్చే కుర్కుమిన్ నీళ్ళలో సరిగా కరగదు, స్పిరిట్‌లో కరుగుతుంది. దగ్గర్లో పొయ్యి, అగ్గిపుల్ల ఉండకూడదు. నీడలోనే ఆరబెట్టాలి, ఎండకి పసుపు వెలిసిపోతుంది. చీర మీద పసుపు మరకని ఎండలో వేసి పోగొట్టే మీ అమ్మమ్మని అడగండి, చెబుతుంది. కాగితం మాత్రం జెరాక్స్‌ది వద్దు. జేకేపూర్ లాంటి కాగితం మిల్లుల్లో రాతకాగితానికి సిరా పాకకుండా సైజింగ్ చేస్తారు, అది ద్రవాన్ని సరిగా పీల్చుకోదు. అద్దుడు కాగితం, అంటే బ్లాటింగ్ పేపరు, తెచ్చుకోండి.

ఆ పసుపు ముక్క మీద బట్టల సబ్బు నురగ చుక్క వేస్తే ఎర్రబారుతుంది. సబ్బు క్షారం. అది చర్మం మీది నూనెని కూడా లాగేస్తుంది, అందుకే చేతులు ఎండి పగులుతాయి. పొయ్యిలో బూడిద నీళ్ళలో కలిపి తేర్చిన నీరు వేసినా ఎరుపే. బూడిదనీళ్ళతో బట్టలుతికిన ముసలమ్మలు ఇంకా ఉన్నారు, వాళ్ళ ముందు ఈ చుక్క వేయించండి, ఇక పాఠం వాళ్ళే చెబుతారు. తర్వాత అదే ఎర్ర మచ్చ మీద చింతపండు రసం. మళ్ళీ పసుపు పచ్చ. పసుపులో సున్నం కలిపి పారాణి పెట్టుకునే మనకి ఇందులో సగం ముందే తెలుసు. తెలిసినదానికి కారణం దొరికితే ఆ మొహాలు ఎలా వెలుగుతాయో మీరే చూస్తారు.

రెండో బల్ల మందారం. ఎర్ర మందార రేకుల్ని వేడినీళ్ళలో పది నిమిషాలు నానబెడితే రంగు దిగుతుంది. నిమ్మరసం తగిలితే ఎర్రగా, సున్నపు తేట తగిలితే ఆకుపచ్చగా మారుతుంది. శంఖుపుష్పం దొరికితే ఇంకా బాగుంటుంది, ఒడియా వాళ్ళు అపరాజిత అనే పువ్వు. రసం ఆ రోజుదే ఉండాలి, మర్నాటికి పులుస్తుంది. ఒక్క సంగతి మరిచిపోవద్దు: రసం ఏ నీళ్ళతో తీస్తారో ముందే చూసుకోండి. కొన్ని బోరు నీళ్ళు క్షారంగా ఉండి, నిమ్మకాయ రాకముందే పువ్వు రంగు తిప్పేస్తాయి. సంత దగ్గరి నీళ్ళతో ముందురోజే ఒక గ్లాసు చేసి చూడండి.

ఈ బల్ల గురించి ఇంకో మాట, ఇది కాస్త పెద్దది. మన వైపు చిల్లంగి అనీ చేతబడి అనీ మనుషుల్ని కొట్టిన, చంపిన సంగతులు మీకు తెలియనివి కావు. అందుకోసమే ఒడిశాలో 2013లో చట్టం వచ్చింది. నిమ్మకాయ కోస్తే రక్తం కారిందని భయపెట్టే మాయ మందారంతోనే చేస్తారు: కత్తికి ముందే పువ్వు రుద్ది ఉంచుతారు, నిమ్మరసం తగలగానే ఎరుపు. దీన్ని మీరు మాయలాగ ప్రదర్శించి చివర్న గుట్టు విప్పొద్దు. పువ్వు, నిమ్మకాయ, కత్తి బల్ల మీద పెట్టేయండి. పెద్దవాళ్ళ చేతనే రుద్దించి, కోయించండి. ఏ గురువునీ, కొండ ఊళ్ళలో పూజలు చేసే ఏ దిశారినీ మోసగాడనకండి, ఎవరి నమ్మకం మీదా ఉపన్యాసం ఇవ్వకండి. తన చేత్తో "రక్తం" తెప్పించిన మనిషి ఇంటికెళ్ళి నలుగురికి చేసి చూపిస్తాడు. ఆ పని మీ మైకు వల్ల కాదు.

మూడో బల్లకి మందుల షాపులో దొరికే బెటాడిన్ కావాలి, పుళ్ళకి రాసే అయోడిన్ మందు. గ్లాసు నీళ్ళలో కొన్ని చుక్కలు, పలచటి టీ రంగు వచ్చేదాకా. అందులో గంజి చుక్క వేస్తే ముదురు నీలం. ఆ నీలం పోగొట్టడానికి నిమ్మరసం ఎన్ని చుక్కలు పట్టింది, ఉసిరి రసం ఎన్ని పట్టింది, లెక్కపెట్టమనండి. విటమిన్ సి ఎక్కువున్న రసానికి తక్కువ చుక్కలు చాలు. పిల్లలు పందెం వేసుకుంటారు, వేసుకోనివ్వండి.

ఇక్కడ తప్పక ఒకరు ఉప్పు పొట్లం పట్టుకొచ్చి, అయోడిన్ ఉందో లేదో చూడమంటారు. గంజి కలిపినా నీలం రాదు. ప్యాకెట్ ఉప్పులో ఉండేది పొటాషియం అయోడేట్, విడి అయోడిన్ కాదు. నీలం రాలేదు కాబట్టి కంపెనీ మోసమని ఎవరైనా అనేసేలోపు ఈ మాట చెప్పండి. ఉప్పు పరీక్షకి వేరే కిట్ ఉంటుంది, ఆశా కార్యకర్త దగ్గర ఉందేమో కనుక్కుని ఆమెనే బల్ల దగ్గర కూర్చోబెట్టండి.

పాలలో పిండి కలిపారేమో అయోడిన్‌తో చూద్దామని మీలో ఎవరో రాశారు. కాచి చల్లార్చిన పాలలో చుక్క వేస్తే తెలిసే మాట నిజమే. కానీ సంత మధ్యలో వద్దు. మీ చేతిలో ఉన్నది అనుమానం తెప్పించే పరీక్ష, తీర్పు చెప్పే ల్యాబు కాదు. పొరపాటున నీలం కనబడితే ఆ పాలు అమ్మే ఆమె నలుగురిలో దొంగ అయిపోతుంది. ఎలా చూడాలో కాగితం మీద రాసిచ్చి, ఇంట్లో చేసుకోమనండి.

సరంజామాకి డబ్బు తగలేయొద్దు. టాబ్లెట్లు అయిపోయిన ప్లాస్టిక్ రేకులుంటాయి కదా, కడిగి తెల్లకాగితం మీద పెడితే ఒక్కో గుంటలో రెండేసి చుక్కలు పడతాయి. చుక్కల్లో చేసే ప్రయోగానికి ప్రమాదం తక్కువ, ఖర్చు తక్కువ, ఒలికినా తుడిస్తే పోతుంది. తాగే గ్లాసులు, టీ కప్పులు బల్ల మీద కనబడకూడదు. బల్ల మీదది ఏదీ నోట్లో పెట్టకూడదు, నిమ్మకాయైనా సరే. మిక్చరు బండికి దూరంగా చోటు అడగండి. సున్నం పాన్ షాపుదే అయినా కంటికి శత్రువు. రాత్రి నీళ్ళలో కలిపి ఉంచి, పైన తేట మాత్రమే తీసుకురండి, ముద్ద ఇంట్లోనే ఉండాలి. ఎవరి కంట్లోనైనా పడితే నలపనివ్వకుండా మంచినీళ్ళతో కనీసం పావుగంట కడిగి, ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. అందుకని ప్రతి బల్ల కింద నిండు బిందె ఉండాల్సిందే. బ్లీచింగ్ పౌడర్, బాత్రూం కడిగే యాసిడ్ ఆ ఛాయలకే రాకూడదు. రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్.

బల్లకి ఇద్దరుండాలి, ఒకరు చేయించడానికి, ఒకరు గుంపుని సర్దడానికి. గంటకోసారి మారండి. పదింటికి రద్దీ మొదలవుతుంది, మధ్యాహ్నం బస్సు టైముకి పల్చబడుతుంది, కాబట్టి పొద్దున్నే సర్దేసుకోండి. ఆగస్టులో రసాయన శాస్త్రవేత్త ప్రఫుల్ల చంద్ర రాయ్ పుట్టినరోజుకి చేద్దామన్నారు. ఆయన మీద గౌరవం ఉంది కానీ వంశధార పొంగే రోజుల్లో అద్దుడు కాగితం ఆరదు. ఫిబ్రవరి 28 సైన్స్ దినమంటే పదో తరగతి వాళ్ళకి పరీక్షల మీద పరీక్షలు. కోతలయ్యాక, డిసెంబరులో పెట్టండి.

బోర్డులు తెలుగులో, ఒడియాలో రాయండి. కొండ మీంచి దిగే సవరలకి ఆ రెండూ సరిపోవు. సవర మాట్లాడే స్నేహితులు మీ బడిలోనే ఉన్నారు, వాళ్ళని సాయానికి కాదు, బల్ల నడపడానికి పిలవండి. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవర నేర్చుకుని మరీ వాళ్ళ పిల్లలకి వాళ్ళ భాషలో చదువు చెప్పించారు. మీకు నేర్చుకునే శ్రమ కూడా లేదు.

ఫ్యాక్టరీల గురించి అడుగుతారు. నియమగిరి కొండ మీద బాక్సైట్ గని వద్దని 2013లో పన్నెండు గ్రామసభలు చెప్పిన జిల్లాల్లో రసాయనాల బల్ల వేసి, ఆ ప్రశ్న రాదనుకుంటే ఎలా? తప్పించుకోకండి. బాక్సైట్‌ని కాస్టిక్ సోడాలో వేడిచేసి అందులోని అల్యూమినాని, అంటే అల్యూమినియం తీసే పదార్థాన్ని, కరిగిస్తారని, మిగిలిన ఎర్రబురదలో ఆ సోడా కొంత ఉండిపోతుందని, అందుకే అది ఘాటైన క్షారమని చెప్పండి. దామన్‌జోడి అల్యూమినా ఫ్యాక్టరీలో జరిగేదీ ఈ పద్ధతే. ఏ చెరువు నీళ్ళు చెడ్డాయో మాత్రం పసుపు కాగితంతో తేల్చొద్దు. అడిగినవాళ్ళ ఊరు, ప్రశ్న నోటుబుక్కులో రాసుకోండి. జవాబు తెలియనివన్నీ అలాగే రాసుకుని, పై సంతకి కనుక్కొచ్చి చెబుతామనండి, చెప్పండి కూడా.

పంచాయితీకి అర్జీ నేను రాసిస్తాను, సంతకాలు మీరే పెట్టాలి. ఈ ఆదివారం బడి వరండాలో ఒకసారి అంతా చేసి చూడండి. మీ అమ్మల్ని, నాన్నల్ని కూర్చోబెట్టి, వాళ్ళ చేతికి ఫిల్లర్లు ఇవ్వండి. ఎక్కడ తికమకపడ్డారో, సంత బోరు నీళ్ళలో మందారం ఏ రంగు తేలిందో నాకు రాయండి.

ఇట్లు,
మీ సైన్సు మాస్టారు తాతయ్య