సెరెంగెటి సఫారీ: అపోహలు - వాస్తవాలు

అపోహ: సెరెంగెటిలో జంతువుల మందల వలస జూలై, ఆగస్టుల్లోనే ఉంటుంది. మిగతా నెలల్లో వెళ్తే డబ్బు దండగ.

ఎక్కువ ప్రయాణాలను పాడుచేసేది ఈ మాటే. టాంజానియాలోని సెరెంగెటి జాతీయ పార్కు విస్తీర్ణం 14,763 చదరపు కిలోమీటర్లు. పది లక్షలకు పైగా ఎద్దును పోలిన జింకలు, అంటే వైల్డ్‌బీస్ట్‌లు, వాటితో పాటు లక్షల్లో జీబ్రాలు, గజెల్ జింకలు వానల వెంట, పచ్చిక వెంట ఏడాది పొడవునా తిరుగుతూనే ఉంటాయి. కాబట్టి చూసుకోవాల్సింది మీరు వెళ్లే నెలలో మంద ఎక్కడుంటుందో.

జనవరి నుంచి మార్చి దాకా అది దక్షిణాన న్డుటు పరిసరాల్లోని పొట్టి గడ్డి మైదానాల్లో ఉంటుంది. అగ్నిపర్వతాల బూడిద పడి ఏర్పడిన నేల కావడంతో అక్కడి గడ్డిలో కాల్షియం, ఫాస్ఫరస్ పుష్కలం; పాలిచ్చే తల్లులకు కావలసింది అదే. ఫిబ్రవరిలో దూడలు ముమ్మరంగా పుడతాయి. పుట్టిన దూడ నిమిషాల్లో లేచి తల్లి వెంట పరుగు తీస్తుంది. హైనాలు, చీతాలు కాచుకునేదీ అక్కడే. మే, జూన్‌లలో మంద పార్కులో పడమరకు సాగిన భాగమైన పడమటి కారిడార్‌కు, గ్రుమెటి నది వైపుకు కదులుతుంది. జూలై నుంచి అక్టోబరు దాకా ఉత్తరాన మారా నది, సరిహద్దు అవతల కెన్యాలోని మసాయి మారా. నవంబరులో చిన్న వానలు మొదలయ్యాక మళ్లీ దక్షిణానికి మళ్లుతుంది.

పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే, ఆగస్టుకు విమానం టికెట్లు కొని, బస మాత్రం పార్కు మధ్యలో ఉన్న సెరొనెరాలో తీసుకుంటారు. అక్కడి నుంచి మారా నదికి వెళ్లి రావడానికే రోజంతా సరిపోతుంది, నది ఒడ్డున ఉండే సమయం ఏమంత మిగలదు. మంద నది దాటడం చూడాలనుకుంటే ఉత్తరాన మారా నది దగ్గరున్న కొగాటెండెలో కనీసం మూడు రాత్రులు ఉండండి. అయినా ఇది ఖాయం కాదు. మంద ఒడ్డు దాకా వచ్చి, గంటలకొద్దీ నిలబడి, ఒక్క జీబ్రా బెదిరినా వెనక్కి తిరిగిపోవచ్చు. ముందు వరస నీళ్లలోకి దిగేదాకా బండి ఒడ్డుకు దూరంగానే ఆగాలి. ఏ డ్రైవరైనా ఫొటో కోసం అంచుకు దూకిస్తే మంద చెదిరిపోతుంది, పొద్దుట్నుంచీ ఎదురుచూస్తున్న వాళ్లందరికీ అన్యాయం జరుగుతుంది. తొందరపెట్టకండి, 'ఆగుదాం' అని మీరే డ్రైవరుకు చెప్పండి.

అపోహ: పిల్లల వేసవి సెలవుల్లో వెళ్తే సరిపోతుంది.

మార్చి చివరి నుంచి మే దాకా అక్కడ పెద్ద వానలు. పడమటి కారిడార్‌లో చాలావరకు నల్లరేగడి నేల. అది తడిస్తే ఎలా ఉంటుందో మన రైతులకు చెప్పనక్కర్లేదు. ఫోర్ వీల్ డ్రైవ్ బండి కూడా ఇరుసు దాకా కూరుకుపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో కొన్ని క్యాంపులు మూసేస్తారు కూడా. వేరే సెలవులు కుదరకపోతే సెరొనెరాలోనే ఉండండి. సింహాలు, చిరుతలు అక్కడ ఏడాదంతా ఉంటాయి, బండ్ల రద్దీ తక్కువ, గదుల అద్దెలూ తగ్గుతాయి. సెరొనెరా నది వెంట పసుపు బెరడు తుమ్మలను, పొడవాటి కాయలు వేలాడే సాసేజ్ చెట్లను చూస్తూ వెళ్లండి. చిరుత ఒళ్లు ఆకుల నీడలో కలిసిపోతుంది. కొమ్మ మీంచి నిటారుగా వేలాడే తోకే ముందుగా కంటపడుతుంది.

అపోహ: ఎంత ఎక్కువ తిరిగితే అన్ని ఎక్కువ జంతువులు.

సింహం రోజుకు ఇరవై గంటల దాకా పడుకునే ఉంటుంది. అరగంటలో పది చోట్లు తిరిగితే కనిపించేవి పడుకున్న సింహాలే. చెదపుట్ట మీద చీతా కూర్చుని ఉంటే ఇంజను ఆపించి దాన్నే గమనించండి. అది ఒకే వైపు రెప్పవేయకుండా చూస్తూ కిందికి దిగి, తల భుజాల ఎత్తుకు వంచి నడక మొదలుపెట్టిందంటే వేట దగ్గరపడినట్టే. దాని వెంట బండి దౌడు తీయించకండి, గజెల్ బెదిరిపోతుంది. దారి దిగి గడ్డిలోకి బండి నడపడం సెరెంగెటిలో నిషేధం, జరిమానా వేస్తారు.

పొద్దున ఆరింటికల్లా బయల్దేరాలి. పది దాటాక నేల వేడికి గాలి అలలుగా కదిలి, దూరం నుంచి తీసే ఫొటోలు మసకబారతాయి. ఎంత ఖరీదైన లెన్సయినా దాన్ని సరిచేయలేదు. బైనాక్యులర్ మాత్రం మనిషికొకటి ఉండాలి, 8x42 (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపేది, ముందు అద్దం 42 మి.మీ.) అయితే చేతిలో వణకదు.

అపోహ: ఆఫ్రికా కదా, ఎండలు మండిపోతాయి.

సెరెంగెటి పక్కనే ఉన్న గొరొంగొరో అగ్నిపర్వత బిలం అంచు దాదాపు 2,300 మీటర్ల ఎత్తున ఉంది. జూన్ నుంచి ఆగస్టు దాకా తెల్లవారుజామున పైకప్పు తెరిచిన జీపులో స్వెటర్, మంకీ క్యాప్ లేకుండా కూర్చోలేరు. ముదురు నీలం, నలుపు బట్టలు వద్దు. ఆ రంగులకు త్సెత్సె ఈగలు వస్తాయి, జీన్స్ గుడ్డ మీంచి కూడా కుడతాయి. మట్టి రంగు, లేత గోధుమ రంగు మేలు. సైనికుల దుస్తుల్లాంటి మచ్చల బట్టలు అసలు తీసుకెళ్లకండి.

అపోహ: మసాయి మారా, సెరెంగెటి పక్కపక్కనే. గంటలో ఇటు నుంచి అటు వెళ్లొచ్చు.

జంతువులకే ఆ వీలుంది. పార్కుల మధ్య సరిహద్దు పర్యాటకులకు మూసి ఉంటుంది. ఇసెబానియా - సిరారి చెక్‌పోస్టు మీదుగా చుట్టూ తిరిగి రావాలి, అందులోనే ఒక రోజు పోతుంది. తూర్పు ఆఫ్రికా ఉమ్మడి పర్యాటక వీసా కెన్యా, ఉగాండా, రువాండాలకే. టాంజానియాకు విడిగా తీసుకోవాలి. కెన్యా నుంచి వచ్చేవాళ్లను టాంజానియాలో ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ అడుగుతారు. కెన్యా నుంచి ఇండియాకు తిరిగొచ్చేటప్పుడు అది లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచవచ్చు. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ప్రభుత్వ సంస్థ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో ఈ టీకా వేస్తారు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, ఒక్క డోసు జీవితాంతం చెల్లుతుంది. అరవై దాటినవాళ్లు ముందుగా డాక్టరుతో మాట్లాడండి. మలేరియా మాత్రల సంగతీ అప్పుడే అడగండి. కొన్ని రకాలను తిరిగొచ్చాక కూడా నాలుగు వారాలు వేసుకోవాలి, మధ్యలో మానేస్తే రక్షణ ఉండదు.

తిండి విషయంలో శాకాహారులకు దిగులక్కర్లేదు, చపాతీ, బీన్స్ కూర, అన్నం దాదాపు అన్నిచోట్లా దొరుకుతాయి. పచ్చళ్లు, పొడులు గట్టిగా మూతపెట్టి తీసుకెళ్లండి. పళ్లు, చిరుతిళ్లు మాత్రం టెంట్‌లో ఉంచవద్దు, బబూన్లు జిప్పు తీసి లోపలికొస్తాయి. గొరొంగొరో బిలంలో భోజనానికి ఆగే చోట గద్దలు చేతిలో ముద్దనే తన్నుకుపోతాయి. అక్కడ బండి లోపలే తినండి.