సైన్స్‌కు ఇద్దరు టీచర్లెందుకు?

తిరుపతి చుట్టుపక్కల ఏ సర్కారు హైస్కూల్లోనైనా పదో తరగతి పిల్లల్ని 'మీ సైన్స్ సారెవరు?' అని అడిగి చూడండి. 'ఏ సైన్స్?' అని ఎదురడుగుతారు. పీఎస్ సారు వేరు, ఎన్‌ఎస్ మేడమ్ వేరు. ఫిజిక్స్, కెమిస్ట్రీ కలిపితే పీఎస్, అంటే ఫిజికల్ సైన్స్. బయాలజీ ఒక్కటే ఎన్‌ఎస్, అంటే నేచురల్ సైన్స్. ఏడో తరగతి దాకా ఒకటిగా ఉన్న సైన్స్ ఎనిమిదిలో ఇలా వేరు కాపురం పెడుతుంది.

పరీక్షల విషయంలో ప్రభుత్వం తర్జనభర్జన పడినప్పుడల్లా ఈ గీత పైకి తేలుతుంది. కోవిడ్‌కు ముందు టెన్త్‌కు 11 పేపర్లు ఉండేవి. 2022లో ఏడయ్యాయి. 2023లో సైన్స్ మొత్తాన్ని ఒకే రోజుకు తెచ్చి ఆరు చేశారు. పేపర్ ఒకటే అన్నారు గానీ, పిల్లల చేతికి ఇచ్చిన ఆన్సర్ బుక్‌లెట్లు మాత్రం రెండు! కటకాల లెక్క పొరపాటున బయాలజీ బుక్‌లెట్‌లో పడితే ఎలా అని అదో టెన్షన్. కారణం చిన్నదే: దిద్దేవాళ్లు వేరు. 2024లో మళ్లీ 50 మార్కుల చొప్పున రెండు రోజులకు విడదీశారు.

అసలు సంగతి అక్కడే ఉంది. ఈ విభజన పిల్లల్ని చూసి చేసింది కాదు, టీచర్ల డిగ్రీలను బట్టి వచ్చింది. 1964-66 నాటి కొఠారీ కమిషన్ పదో తరగతి దాకా సైన్స్, లెక్కలు అందరికీ తప్పనిసరి చేయమంది. అందరికీ చెప్పాలంటే టీచర్లు కావాలి. వాళ్లు వచ్చేది కాలేజీల నుంచి. తిరుపతిలో 1954లోనే శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. బీఎస్సీ అంటే ఎంపీసీ (లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ), లేకపోతే బీజెడ్‌సీ (బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ). బీఈడీ మెథడాలజీలూ అలాగే ఫిజికల్ సైన్స్, బయలాజికల్ సైన్స్. ఏడాది పాటి పీయూసీ పోయి రెండేళ్ల ఇంటర్ వచ్చాక, 1971 చట్టంతో ఇంటర్ బోర్డు ఏర్పడ్డాక, ఎంపీసీ, బైపీసీ అన్న మాటలు ఇంటింటి మాటలయ్యాయి. బీజెడ్‌సీ చదివినవాళ్లూ మూడేళ్లు కెమిస్ట్రీ చదివినవాళ్లే. అయినా బడిలో కెమిస్ట్రీ ఫిజిక్స్ పక్కకే చేరింది.

దీనివల్ల తరగతిలో ఏమవుతుందో చూడాలంటే కిరణజన్య సంయోగక్రియ పాఠం చాలు. మేడమ్ ఆకును స్పిరిట్‌లో మరిగించి, తెల్లబడ్డాక దాని మీద అయోడిన్ చుక్కలు వేస్తారు. ఆకు నీలి నలుపుకు తిరుగుతుంది. వెనక బెంచీల వాళ్లూ లేచి నిలబడతారు. తర్వాత బోర్డు మీద సమీకరణం రాస్తారు. అటు ఆరు, ఇటు ఆరు ఎందుకొచ్చాయని ఎవరైనా అడిగితే 'అది పీఎస్ సార్ చెప్తారు' అంటారు. సార్ సమీకరణాలను తుల్యం చేయడం చెప్పే రోజుకు ఆకు ఎప్పుడో ఎండిపోయుంటుంది. కన్ను పాఠమేమో పీఎస్‌లో ఉంటుంది, అదింకో విడ్డూరం.

ఊరు మాత్రం ఈ గీతను పట్టించుకోదు. శేషాచలం కొండల్లోని ఎర్రచందనం చెట్టుగా ఎన్‌ఎస్ పాఠం. దాని చేవలోని ఎరుపు శాంటాలిన్ అనే పదార్థం వల్ల వస్తుంది. అది కెమిస్ట్రీ.

2024-25లో టెన్త్‌కు ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్ వచ్చింది. ఆ జాతీయ సిలబస్‌లో సైన్స్ ఒకే పుస్తకం, ఇక్కడికొచ్చేసరికి రెండు. 2025-26లో ఇంటర్‌లో బాటనీ, జువాలజీ కలిసి బయాలజీ అయ్యాయి. లెక్కలు, బయాలజీ రెండూ చదివే వీలు కూడా పెట్టారు. అంటే గోడ ముందు పైనే కాస్త బీటలిచ్చింది. కింద హైస్కూల్లో మాత్రం 2025 డీఎస్సీ టీచర్ల నియామకాల్లో కూడా ఫిజికల్ సైన్స్ పోస్టులు వేరు, బయలాజికల్ సైన్స్ పోస్టులు వేరు.