కిల్న్‌లో శిల్పం పగిలితే గాలిని నిందించకండి

సిరామిక్ శిల్పాలు, అంటే మట్టితో మలిచి కిల్న్ అనే బట్టీలో కాల్చే శిల్పాలు, చేస్తూ, నేర్పుతూ గడిపిన ఇన్నేళ్లలో నేను అన్నిటికంటే ఎక్కువసార్లు విన్న మాట, "మట్టిలో గాలి బుడగ ఉండిపోయింది, అందుకే పగిలింది" అన్నదే. మొన్నటి వానల్లో ఒక విద్యార్థిని, నెల రోజులు కూర్చుని చేసిన తామర దుద్దు (తామర పువ్వు నడుమ గింజలుండే భాగం) శిల్పపు పెంకులను పాత వార్తాపత్రికలో చుట్టుకుని వచ్చి, గాలి పోయేలా మట్టిని సరిగా పిసకలేకపోయానని తన చేతులనే తిట్టుకుంది. కుమ్మరికి ఏడాది, గుదియకు ఒక పెట్టు అన్నట్లుంది ఆమె పరిస్థితి. కానీ ఆమె తప్పు పిసకడంలో లేదు.

శిల్పాన్ని పగలగొట్టేది ఆవిరి. పైకి పొడిగా కనిపించే మట్టిలో, ముఖ్యంగా మందమైన అడుగుభాగంలో, మిగిలిన తడి 100 డిగ్రీలు దాటగానే ఆవిరై 1,600 రెట్లకు పైగా వ్యాపించబోతుంది. వేడి తొందరగా పెరిగితే ఆ ఆవిరికి బయటపడే వ్యవధి ఉండదు. పూర్తిగా ఆరిన మట్టి నిండా సూక్ష్మ రంధ్రాలే కనుక, వేడెక్కిన గాలి వాటిగుండా నెమ్మదిగా జారుకుంటుంది. నమ్మనివారి కోసం నేనొకసారి మట్టి ముద్దలో కావాలనే గాలిని మూసివేసి, మూడు వారాలు ఆరబెట్టి కాల్చాను, అది చెక్కుచెదరలేదు. బోలు శిల్పానికి సూదిబెజ్జం పెట్టమని నేనూ చెబుతాను, అయితే అది లోపలి తడి పోవడానికి.

ఈ అపోహ వల్ల నష్టమేమిటంటే, జనం పిసకడానికి గంటలు వెచ్చించి, ఆరబెట్టడానికి రోజులు మిగల్చరు. శిల్పాన్ని చెంపకు ఆనించి చూడండి. చల్లగా తగిలితే తడి ఉన్నట్లే. ఆరిందనిపించిన తరువాత కూడా కిల్న్‌ను 80, 90 డిగ్రీల వద్ద కొన్ని గంటలు నిలపండి. తమిళనాడులో గ్రామదేవుడైన అయ్యనార్ గుడుల ముందు నిలిచే భారీ మట్టి గుర్రాలను అక్కడి కుమ్మరులు బోలుగా కడతారు, మట్టిలో ఇసుక, వరిపొట్టు కలుపుతారు. తడికి దారి ఇవ్వడమెలాగో వారికి ఏ తరగతీ చెప్పనక్కరలేదు.

మిగిలిన అపోహలకు ఇంత వివరణ అనవసరం. కుమ్మరి సారె తిప్పడం రాకపోయినా సిరామిక్ శిల్పి కావచ్చు. మెరిసే గ్లేజు, అంటే గాజులాంటి పూత, వేసిన గిన్నెలన్నీ అన్నం తినడానికి పనికివస్తాయనుకోకండి. విషమైన సీసం కలిసిన గ్లేజులూ ఉన్నాయి. ఇక ప్రకృతి రూపమంటే మట్టి ఎటు వంగితే అటు వదిలేయడమని అనుకునేవారు, బరోడాలో దశాబ్దాలపాటు సిరామిక్స్ బోధించి 2020లో కన్నుమూసిన జ్యోత్స్నా భట్ చేసిన పిల్లులను, మొగ్గలను ఒక్కసారి చూడాలి. అంత నిరాడంబరమైన వంపు యాదృచ్ఛికంగా రాదు.

ఆ విద్యార్థిని చేసిన రెండో తామర దుద్దు ఇప్పుడు మా అరలో పలుచని ప్లాస్టిక్ కవరు కింద ఆరుతోంది. కాల్చారా అని ఆమె రోజూ ఫోన్ చేస్తోంది; అడుగుభాగం ఇంకా చల్లగానే ఉందమ్మా అని నేనూ రోజూ చెబుతున్నాను.