అమెరికా తుపాకుల దుకాణాలు: రాత్రి తాళం సంగతి చట్టం ఎందుకు అడగలేదు?

అమెరికాలో డైనమైట్ అమ్మేవారు సరుకును ఎలా భద్రపరచాలో ఫెడరల్ నిబంధనలు అంగుళాల లెక్కన చెబుతాయి. మందుగుండు గోదాము తలుపుకు తాళంకప్పలు వాడితే రెండు ఉండాలి, అవి వేర్వేరు గొళ్లేలకు వేయాలి. కప్ప కొక్కెం మందం కనీసం 3/8 అంగుళం ఉండాలి. రంపం ఆడకుండా దాని మీద పావు అంగుళం ఉక్కు తొడుగు ఉండాలి. వీటిని అమలు చేసేది ఏటీఎఫ్ అని అందరూ పిలిచే మద్యం, పొగాకు, ఆయుధాలు, పేలుడు పదార్థాల బ్యూరో. తుపాకుల దుకాణాలకు లైసెన్సులిచ్చేదీ అదే. అయినా యజమాని పొద్దుపోయాక పిస్తోళ్లను గాజు షోకేసులోనే వదిలేసి ఇంటికి వెళ్లిపోతే, ఆ సంస్థ తప్పు పట్టలేదు. ఫెడరల్ చట్టం దానికి ఆ అధికారం ఇవ్వలేదు.

ఈ తేడాకు కారణం ఆ రెండు చట్టాల పుట్టుకలోనే ఉంది. పేలుడు పదార్థాల చట్టం 1970లో, బాంబు దాడుల భయం మధ్య వచ్చింది. సరుకు ఎక్కడుంది, ఎవరి చేతికి అందేలా ఉంది అన్నది అక్కడ ప్రశ్న. 1968 నాటి తుపాకుల నియంత్రణ చట్టం వెనక ఉన్నవి హత్యలు. 1963లో అధ్యక్షుడు కెనడీని కాల్చిన రైఫిలు పోస్టులో తెప్పించుకున్నది. 1968 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్, జూన్‌లో రాబర్ట్ కెనడీ హతులయ్యారు. ఆ అక్టోబరు 22న అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేసిన చట్టం అడిగిన ప్రశ్న ఒక్కటే: తుపాకీ కొంటున్నది ఎవరు? అందుకే రాష్ట్రాలు దాటే పోస్టు అమ్మకాలకు అడ్డుకట్ట పడింది, నేరస్థులకు అమ్మడం నిషిద్ధమైంది, అమ్మినవారు రిజిస్టర్లు రాయాల్సి వచ్చింది. ఆ చట్టం కళ్లకు దుకాణదారు కనిపించాడు, కొనుగోలుదారు కనిపించాడు. వెనక కిటికీ పగలగొట్టి వచ్చేవాడు మాత్రం కనిపించలేదు.

పైగా దుకాణం అన్న మాటే అప్పట్లో అంత స్పష్టమైనది కాదు. లైసెన్సు రుసుము ఏడాదికి 10 డాలర్లు. 1990ల మొదట్లో లైసెన్సులు 2,80,000 దాటాయి. వాటిలో చాలా వరకు బోర్డు, షట్టరు లేని ఇళ్ల నుంచే నడిచాయి. వంటింటి బల్ల వ్యాపారులని వాళ్లకు పేరు. అలాంటి చోట ఎలాంటి ఇనప్పెట్టె పెట్టమని చట్టం చెబుతుంది? 1993లో రుసుమును మూడేళ్లకు 200 డాలర్లు చేశాక, ఆ దశాబ్దం ముగిసేసరికి లైసెన్సులు లక్ష చుట్టుపక్కలకు దిగాయి. అంటే నిజమైన దుకాణాలను విడిగా చూసి నియమం పెట్టే వీలు అప్పుడే వచ్చింది. ఆ వీలును అమెరికా పార్లమెంటు, అంటే కాంగ్రెస్, వాడుకోలేదు.

దానికి ముందే, 1986లో చేసిన చట్టం తుపాకుల దుకాణాల్లో వారంటు లేని సాధారణ తనిఖీలను ఏడాదికి ఒక్కసారికి కుదించింది. 1994లో దొంగతనం ఊసు ఎట్టకేలకు ఫెడరల్ చట్టంలోకి వచ్చింది. తుపాకీ పోయిందని తెలిసిన 48 గంటల్లో దుకాణదారు ఏటీఎఫ్‌కూ స్థానిక పోలీసులకూ చెప్పాలి. లైసెన్సుదారు సరుకును దొంగిలిస్తే పదేళ్ల దాకా జైలు. దొంగలు పడ్డాక మొరిగే కుక్కకు గడువు పెట్టారన్నమాట. ఆ గడువైనా పోయిందని తెలిశాకే మొదలవుతుంది. తెలియాలంటే సరుకు లెక్క చూసుకోవాలి. ఏటా లెక్క చూడమని దుకాణదారులను ఏటీఎఫ్ శాసించకుండా 2004 నుంచి బడ్జెట్ చట్టాల్లోనే అడ్డు పెట్టారు. అప్పటి కాన్సస్ కాంగ్రెస్ సభ్యుడు టాడ్ టీహార్ట్ పేరుతో పిలిచే సవరణల్లో అదొకటి.

లెక్క లేకపోతే ఏమవుతుందో అంతకు రెండేళ్ల ముందే తేలింది. 2002 అక్టోబరులో వాషింగ్టన్ నగర పరిసరాల్లో పదిమందిని చంపిన రైఫిలు వాషింగ్టన్ రాష్ట్రంలోని టకోమాలో ఉన్న ఒక దుకాణానిది. అధికారులు వెళ్లి చూస్తే ఆ దుకాణంలో 238 తుపాకులకు లెక్క చెప్పే దిక్కు లేదు. నిజం చెప్పాలంటే రాత్రి తాళం ఆ రైఫిలును ఆపేది కాదేమో. షట్టరు విరగలేదు, గోడకు కన్నం పడలేదు. సరుకు మీద అజమాయిషీ లేకపోవడమే అసలు జబ్బు, తాళం లేకపోవడం దానికి ఒక ముఖం.

2005లో విడ్డూరం పరాకాష్ఠకు చేరింది. చేతి తుపాకీ కొన్న ప్రతివారికీ తాళమో, అలాంటి మరో రక్షణ పరికరమో ఇవ్వాలని ఆ ఏడాది చట్టం వ్యాపారులను ఆదేశించింది. తీసుకెళ్లే ఒక్క పిస్తోలుకు తాళం తప్పనిసరి, దుకాణంలో మిగిలిన మూడొందలకు కాదు.

ఏటీఎఫ్ లెక్కల ప్రకారం 2016లో 558 దుకాణాల్లో దొంగలు పడి 7,488 తుపాకులు ఎత్తుకెళ్లారు. వీటిలో పేరుమోసిన పద్ధతి, దొంగిలించిన కారుతో దుకాణం ముఖద్వారాన్ని గుద్దడం. తర్వాత షోకేసు అద్దం పగలగొట్టి, చేతికందినన్ని సంచిలో వేసుకుని, రెండు మూడు నిమిషాల్లో మాయం. అలారం మోగినా పోలీసులు వచ్చేసరికి వీధి ఖాళీ.

దీనికి వాషింగ్టన్‌లో రెండు మందులు ప్రతిపాదించారు. ఇలినాయికి చెందిన సెనేటర్ డిక్ డర్బిన్, ప్రతినిధి బ్రాడ్ ష్నైడర్‌ల బిల్లు దుకాణం మూశాక తుపాకులను ఇనప్పెట్టెలో పెట్టాలని, లేదా ఉక్కు కడ్డీకి గుచ్చి తాళం వేయాలని అంటుంది. సెనేటర్ లిండ్సే గ్రాహం బిల్లు దొంగకు కనీస శిక్ష ఖరారు చేయమంటుంది, గరిష్ఠ శిక్షను పదేళ్ల నుంచి ఇరవై ఏళ్లకు పెంచమంటుంది. తుపాకుల పరిశ్రమ సంఘం దీని వైపు నిలిచింది. నష్టపోయినవారినే దోషిగా నిలబెడతారా అన్నది వ్యాపారుల బాధ. రోజూ వందల తుపాకులు లోపల పెట్టి, పొద్దున్నే తిరిగి సర్దడం చిన్న పని కాదు, అదీ నిజమే. కానీ కారుతో గుద్దడానికి తెగించినవారిని పదేళ్లకు బదులు ఇరవై ఏళ్ల జైలు ఎంత భయపెడుతుందో నాకు అనుమానమే. వాళ్ల బలమంతా ఆ రెండు మూడు నిమిషాల్లో ఉంది. కడ్డీ అడ్డుకునేది సరిగ్గా దాన్నే.

ఆ రెండు బిల్లులూ చట్టం కాలేదు. ఖాళీని రాష్ట్రాలే ఎవరికి తోచినట్టు పూడ్చుకుంటున్నాయి. కాలిఫోర్నియా నియమం బాగా పట్టింపుగా ఉంటుంది: ఇనప్పెట్టె, లేదా కిటికీలూ తలుపులూ దిట్టంగా బిగించిన గది, లేదా ట్రిగ్గరు చట్రం గుండా కనీసం 1/8 అంగుళం ఉక్కు కడ్డీ, ఆ తాళానికి కట్టరు తగలకుండా కవచం కూడా. పది లేదా అంతకన్నా ఎక్కువ తుపాకులు అమ్మకానికి నిల్వ పెట్టే దుకాణంలో అలారం ఉండాలని కనెక్టికట్ అంటుంది. ఇలినాయిలో 2018లో గవర్నర్ రౌనర్ వీటో చేసిన తర్వాత, 2019 జనవరిలో కొత్త గవర్నర్ ప్రిట్జ్‌కర్ దుకాణాల భద్రతా చట్టంపై సంతకం చేశారు. న్యూయార్క్‌లో 2022 చివరి నుంచి రాత్రి నిల్వ నియమం అమల్లో ఉంది. వ్యాపారులు పౌరులకు తుపాకీ హక్కునిచ్చే రెండో రాజ్యాంగ సవరణను పట్టుకుని కోర్టుకెక్కారు. ఈ నియమాల వల్ల పౌరులకు తుపాకులు దొరక్కుండా పోతాయని వాళ్లు చూపలేకపోయారంటూ 2023 డిసెంబరులో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు స్టే నిరాకరించింది. టకోమా ఉన్న వాషింగ్టన్ రాష్ట్రంలో ఇలాంటి చట్టం 2025 జులై 1న అమల్లోకి వచ్చింది, ఆ 238 తుపాకుల లెక్క తప్పిన ఇరవై మూడేళ్లకు.