కరువు పని గురించి మీరడిగిన ప్రశ్నకు

చిరంజీవులకు తాత ఆశీస్సులు.

వేసవి సెలవుల్లో చెరువు కట్ట మీదుగా వస్తూ, ఎండలో కరువు పనిలో, అంటే ఉపాధి హామీ పనిలో, మట్టి తవ్వుతున్నవాళ్లను చూసి మీరొక మాట అడిగారు: వీళ్లను ఇంత కష్టపెట్టే బదులు ప్రభుత్వం ఆ డబ్బేదో ఊరికే ఇచ్చేయవచ్చు కదా అని. ఆ రోజు నాకు సరైన జవాబు తోచలేదు కనుక ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

మన అనంతపురం దేశంలోనే వాన బాగా తక్కువగా కురిసే జిల్లాల్లో ఒకటి. వేరుశనగ ఎండిపోతే ఆ ఏడాదికి ఊళ్లో మరో పని దొరికేది కాదు. నేను బడిపంతులుగా ఉన్న ఊళ్లో సంక్రాంతి దాటిందంటే ఇళ్లకు తాళాలు పడేవి, పెద్దవాళ్లు బెంగళూరుకు కూలికి పోయేవారు, వెంట పిల్లలనూ తీసుకుపోయేవారు. నా హాజరుపట్టీలో ఫిబ్రవరి పేజీ సగం ఖాళీగా ఉండేది. ఆ పేజీ ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

వాన లేని ఏళ్లలో ప్రభుత్వం కూలి ఇచ్చి చేయించే కరువు పనులు ఉపాధి హామీ చట్టానికి ముందూ ఉండేవి. అయితే వాటిని పెట్టడమూ మానడమూ పైవాళ్ల దయ. 1972 నాటి ఘోరమైన కరువులో మహారాష్ట్ర పని చూపించే పథకాన్ని పెద్దఎత్తున నడిపి, 1977లో దానికి చట్టం చేసింది. దేశమంతటికీ అటువంటి చట్టం, ఉపాధి హామీ చట్టం, 2005లో వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ దాన్ని ప్రారంభించింది మన జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. మొదట 200 జిల్లాలు, 2008 ఏప్రిల్ నుంచి దేశంలోని పల్లెలన్నీ దాని కిందికి వచ్చాయి.

ఆ చట్టంలోని అసలు సంగతి ఏమిటంటే, పల్లెలోని కుటుంబం అడిగితే ఏడాదికి 100 రోజుల పని చూపించాల్సి ఉండేది, అడిగిన 15 రోజుల్లో చూపించలేకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాల్సి ఉండేది. పని ఊరికి 5 కిలోమీటర్లు దాటితే కూలి పదో వంతు ఎక్కువ ఇవ్వాల్సి ఉండేది. కాంట్రాక్టర్లకు చోటు ఉండేది కాదు. ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఒకటే కూలి. పొలాల్లో ఎన్నడూ లేని ఆ సమానత్వం ఈ పనిలో వచ్చింది, మన రాష్ట్రంలో పనికి వచ్చినవాళ్లలో సగానికి పైగా ఆడవాళ్లే.

లోపాలు లేవని చెప్పను. ఒక వేసవిలో మా ఊరివాళ్లకు రెండు నెలల పాటు కూలి అందలేదు. రోజుకూలి మీద బతికే ఇంటికి ఆలస్యమంటే వడ్డీకి అప్పు, ఆ వడ్డీ కూలిలోంచే పోతుంది. అందుకే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010 తర్వాత వేలిముద్రల స్మార్ట్‌కార్డుల మీద కూలి ఇవ్వడం నాకు చాలా పెద్ద విషయంగా తోచింది. 157 మండలాలను ఎంచుకుని, ఏ మండలంలో ముందు, ఏ మండలంలో తర్వాత అన్నది చీటీలు వేసినట్టుగా నిర్ణయించి, పరిశోధకులు తేడా చూశారు. ముందుగా కార్డులు వచ్చిన మండలాల్లో పేద కుటుంబాల ఆదాయం సుమారు 13 శాతం పెరిగింది. వింత ఏమిటంటే, ఆ పెరుగుదలలో చాలా భాగం కరువు పని డబ్బు కాదు, బయటి పనుల్లో వచ్చిన సంపాదన!

ఎలాగంటారా? ఇదివరకు రైతు "ఇంతే ఇస్తా, వస్తే రా" అంటే తలవంచుకుని పోవలసిందే. ఊళ్లోనే నికరంగా కూలి ఇచ్చే పని ఇంకొకటి ఉంటే "చాలదయ్యా" అనే ధైర్యం వస్తుంది. దాంతో పొలం పనులకిచ్చే కూలి కూడా పెరుగుతుంది. కూలీలు దొరకడం లేదని మన ఇంట్లోనూ విసుక్కున్నాం, చిన్న రైతుకు ఆ బరువు నిజమైనదే. అయినా ఇంతకాలం పంట చౌకగా పండిందంటే అందులో కొంత వాళ్ల ఆకలి ఉందని నాకు ఆ తర్వాతే అర్థమైంది.

ముసలివాళ్లకు, చేతకానివాళ్లకు పింఛను ఊరికే ఇవ్వవలసిందే, అందులో రెండో మాట లేదు. ఒంట్లో సత్తువ ఉన్నవాళ్లకు మాత్రం పని దొరికితే కూలితో పాటు బేరమాడే బలమూ వస్తుంది, చెరువులో పూడికా పోతుంది.

ఆ రోజు మీకు మంచినీళ్లిచ్చిన ఆమె గుర్తుందా? సాయంత్రం పని చూసుకునే మేట్ గుంత కొలిచి లోతు తక్కువ రాస్తే, ఆమె టేపు తన చేతికి తీసుకుని గుంతలోకి దిగి, మళ్లీ కొలిపించింది. కూలి కొలతను బట్టే వస్తుంది మరి. మేట్ మస్టరులో, అంటే హాజరు పట్టీలో, అంకె దిద్దేదాకా ఆమె గట్టు మీద నుంచి కదలలేదు.

మీ తాత